యంత్రం తప్పుపట్టిన వినయం

మూడే అడుగులతో లోకాలను కొలిచి, ఆ అడుగులకు ముందు పొట్టి వటువై ఒదిగి నిలిచిన వామనమూర్తి ఈ కథలోని అడుగులను కాచుగాక.

సమోవా దీవిలో, అపియా పట్టణానికి చేరువలో ఫువాటినో ఇల్లు. వానలో జారిపడి తుంటి విరిగి, శస్త్రచికిత్సతో మళ్ళీ లేచి తిరుగుతున్న ఆ ఇల్లాలికి ఒకటే బెంగ. శనివారం కొత్త చర్చికి ప్రారంభోత్సవం. వేడుకకు ముగింపుగా ఆడే నాట్యం తరతరాలుగా ఆమె ఇంటి హక్కు. నడక కుదుటపడితేనే ఆడనిస్తానని, బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు బ్రొన్విన్ ఖండితంగా చెప్పింది. కాదంటే ఆ వంతు పినతల్లి కూతురు తాలాకు పోతుంది.

"అది ఆడితే కోళ్ళను అదిలిస్తున్నట్టుంటుంది," అని ఫువాటినో బాధ.

బ్రొన్విన్ ఆమె నడుముకూ చీలమండలకూ అగ్గిపెట్టెలంతేసి సెన్సార్లు కట్టింది. వేలమంది నడకలు చూసి నేర్చిన కంప్యూటరు, వాటి సమాచారాన్ని బట్టి, ఏది కుదురైన నడకో ఏది పడిపోబోయే నడకో తేల్చి చెబుతుంది. మొదటి వారం తీర్పు పచ్చగా వచ్చింది. ప్రారంభోత్సవానికి బంధువులు దిగిన వారం ఎర్రబారింది.

గురువారం బ్రొన్విన్ వచ్చేసరికి, ఫువాటినో ఇంటిముందు గోడలు లేని విడిదింట్లో పెద్దలందరూ చాపల మీద కొలువుదీరి ఉన్నారు.

"అత్తా, ఇంట్లో నడుం వంచి అడుగులు ఈడుస్తున్నారట. పడిపోతారంటోంది కంప్యూటరు."

"పాత చర్చికి రోజూ నడిచి పోతున్నా గదమ్మా, అక్కడేమంది?"

"అక్కడ భేషుగ్గా ఉన్నారు. ఇంటికొస్తేనే ఎందుకిలా అవుతోందో తెలీడం లేదు. ఆటకు ఒప్పుకోలేను."

ఫువాటినో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్రొన్విన్ తన సంచీ కోసం లేచి, పెద్దల ముందునుంచి నిటారుగా నడిచింది. పెద్దల తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"వంగమ్మా, వంగు," ఫువాటినో గుసగుసలాడింది. "కూర్చున్న పెద్దల ముందు తలెత్తుకు పోకూడదు. చెయ్యి కిందికి దించి 'తులౌ' అను. మన్నించమని."

బ్రొన్విన్ వంగి, "తులౌ, తులౌ" అంటూ కాళ్ళీడ్చుకుంటూ పోయి, నడిమధ్యలో అలాగే ఆగిపోయింది.

"అత్తా, వారమంతా ఇలాగే నడిచారా?"

"మరి ఇంతమందికి టీ ఎవరిస్తారు? మా మామయ్య నెత్తిమీదుగా నడవమంటావా?"

బ్రొన్విన్ ఆ సెన్సార్లు విప్పి తనకే కట్టుకుంది. మళ్ళీ వంగి చాప దాటింది. చేతిలోని టాబ్లెట్ తెర నిండా ఎరుపే.

"ఏమంటోంది?" ఫువాటినో మేనమామ సెఫో అడిగాడు.

"నేను పడిపోతానట. చేతికర్ర కావాలట."

"పాపం, చిన్నవయసు," అన్నాడు సెఫో గంభీరంగా. "ఎవరైనా ఆ పిల్లకు కర్ర తెచ్చివ్వండ్రా."

చాపలన్నీ నవ్వులతో ఊగిపోయాయి.

సెన్సార్లు మళ్ళీ ఫువాటినో ఒంటికి చేరాయి. పెద్దలెవరూ లేని పెరటిలో, తారో చేమదుంపల మడుల పక్కన, ఆమె రాణిలా నడిచింది. తెర పచ్చబడింది, బ్రొన్విన్ ఆటకు ఒప్పుకుంది. ఈ వంపు రోగం కాదు, మర్యాద అని బ్రొన్విన్ ఆ సాయంత్రమే కంప్యూటరుకు నేర్పడం మొదలుపెట్టింది.

శనివారం ఫువాటినో తలపై ఈకల కిరీటంతో నిదానంగా, నిండుగా ఆడింది. పక్కన హాస్యంగా గెంతి నాట్యగత్తె అందాన్ని ఎత్తిచూపే వంతు తాలాకు దక్కింది. ఆమె నిజంగానే కోళ్ళను అదిలించింది. అందరికంటే ముందు నవ్వినది ఫువాటినోయే.

ఈ కథ విన్నవారి అడుగులు తడబడకుండు గాక. పెద్దల ముందు వంగిన నడుములు కలకాలం నొప్పి ఎరుగకుండు గాక.