ఆ డ్రైవులో రాసినవి

ఇటు అంటే ఎటో ఈ మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పాడా, కొంచెం ఇటు, కాదు ఇటు, అంటాడే గాని తల ఎత్తి చూడడు, టార్చి పట్టుకున్నవాళ్ళకు అది వాళ్ళంతట వాళ్ళకే తెలిసిపోవాలి, ఆమె మణికట్టు లాగుతోంది, భోజనాల బల్ల మీద పాత దుప్పటి, దుప్పటి మీద మూత విప్పిన ఫ్లాపీ డ్రైవు, పళ్ళ మీది గారలా పసుపెక్కిన పెట్టె, పక్కన అదే రంగుకు తిరిగిన కంప్యూటరు, కీబోర్డులోనే మొత్తం ఇమిడిపోయి, టీవీకి తగిలించుకునే రకం, రేపు మరిది ఉద్యోగ విరమణ సభలో దీన్ని వేదిక మీద పెడతారట, నా జీవితం ఇక్కడే మొదలైంది అని అతను చెబుతాడట, అప్పుడు ఆడుకున్న ఆటే తెర మీదికి రావాలట, అందుకని ఈ అన్నగారు రెండు రోజులుగా అన్నం కూడా సోఫాలోనే తిని బల్లను దీనికి వదిలేశాడు, చెయ్యి కదపకు అంటున్నానా, అంటున్నాడు, ఆమె కదపడం లేదు, చెయ్యి వణుకుతోంది, ఆ రెండూ ఒకటి కావు, కొలత పరికరాల కంపెనీలో ఉద్యోగమంతా గడిపినవాడికి ఆ తేడా తెలియాలి.

మోటారు తిరగగానే టకటకటక, అదే చప్పుడు, ఒకప్పుడు రోజంతా వంటింట్లోకి వినబడిన చప్పుడు, మరిది తెచ్చుకునే ఆటలకు ఎవరూ నకలు తీయకుండా ఏదో తాళం ఉండేది, అది అంతుపట్టక డ్రైవు తికమకపడి, ఫ్లాపీ మీద పాకుతూ చదివే, రాసే హెడ్డును వెనక్కి లాక్కెళ్ళి లోపలి గోడకేసి బాదేది, అది అలాగే కొట్టుకుంటుంది వదినా, నువ్వు మాత్రం ముట్టుకోకు, చెడిపోతుంది, అనేవాడు, చెడగొట్టే హక్కు తనొక్కడికే రాసిచ్చినట్టు, అయినా అతను కాలేజీకి వెళ్ళాక మధ్యాహ్నాలు ఆమెవే, గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, మాన్యువల్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో ఆజ్ఞే నేర్చుకుంది, ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు కూడా, వద్దనడానికైనా ఎవరో ఒకరు చూసి ఉండాలి, సాయంత్రం ఆయన చెప్పులు విడుస్తూ, ఏం మేడమ్ గారూ, ఇవాళ రాకెట్టు వదిలారా, అనేవాడు, ఆమె నవ్వేది, నవ్వడం తప్పని అప్పుడు తోచలేదు.

రాకెట్టు కాదు, అక్క రాత్రి డ్యూటీలు, అక్క పెద్దాసుపత్రిలో నర్సు, ఉబ్బిన కాళ్ళను ఇదే సోఫా మీద చాపుకుని, రాత్రులన్నీ నోరులేనివాళ్ళకేనే, మేట్రన్ చుట్టూ తిరిగేవాళ్ళకు పగళ్ళు, అని అంటూ అంటూనే నిద్రపోయేది, అలా నిద్రపోయిన అక్క ముఖాన్ని చూస్తూ ఆమెకు ఆలోచన తట్టింది, రాత్రులను అందరికీ సమంగా పంచే ప్రోగ్రాము, రాత్రి చేసినవాళ్ళకు మర్నాడు సెలవు, చంటిపిల్లల తల్లికి వరుస రాత్రులు పడకూడదు, ఎవరైనా జబ్బుపడితే ఆ భారం ఒక్కరి మీదే పడకూడదు, వానాకాలమంతా కూర్చుని రాసింది, ఇక్కడ సరిచేస్తే అక్కడ తప్పేది, అక్కడ సరిచేస్తే కూర మాడేది, చివరికి ఒక మధ్యాహ్నం వరుసలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి, ఎవరికీ అన్యాయం లేని నెల ఒకటి, టీవీ తెర మీద, ఆమె ఒక్కతే చూసింది, లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది, మళ్ళీ చూసింది.

ఆసుపత్రి ఆఫీసులో ఇదే రకం కంప్యూటరు, గుడ్డ కప్పి ఉంచారు, మా చెల్లెలు చేసింది సార్, అని అక్క నోరు తెరిచి అడిగింది, తనకోసం ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని అక్క, పనిచేస్తే ఈ బాధ్యత మీకే అప్పగిస్తాం, జీతానికి తీసుకుంటాం, అన్నాడు సూపరింటెండెంటు, ఆమె తన చేతులతో ఫ్లాపీ పెట్టింది, వాళ్ళ డ్రైవు గురగురలాడింది, ఎర్ర దీపం మిణుకుమిణుకుమంది, తెర మీద ఎర్రర్ అని వచ్చింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ అదే, వాళ్ళ ఫ్లాపీలన్నీ శుభ్రంగా వస్తున్నాయి, ఏమ్మా, ఖాళీ డిస్కు పట్టుకొచ్చారా, అన్నాడాయన, కోపంగా కాదు, జాలిగా, ఆ జాలే ఎక్కువ కాలం నిలిచింది, గుమ్మం దగ్గర నిలబడ్డ అక్క గోడకున్న క్యాలెండరు వంక చూస్తూ ఉండిపోయింది, బస్సు ఎక్కే ముందు మాత్రం ఒక్క మాట అంది, చేశానన్నావు కదే, అంతే.

ఇంటికొచ్చి పెడితే శుభ్రంగా పనిచేసింది, అందుకని తప్పు తనలోనే ఎక్కడో ఉందని ఆమె వెదికింది, ప్రతి వరుసా చదివింది, చదివిందే చదివింది, దొరకని తప్పు దొరికిన తప్పు కంటే పెద్దదవుతుంది, అక్షరం మీద నమ్మకం పోయాక వేళ్ళు కదలవు, మళ్ళీ రాయలేదు, అక్క మళ్ళీ అడగలేదు, ఆ చెల్లెలేనా అంటూ వార్డులో కొన్నాళ్ళు నవ్వుకున్నారట, ఆ నవ్వును దాటి ఇంకెవరినీ ఏదీ అడగలేక అక్క రాత్రి డ్యూటీలతోనే రిటైరయింది, రాకపోకలు పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ పరిమితమయ్యాయి, ఆఖరుకు అక్క పోయేముందు మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా ఇద్దరూ ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుకున్నారు, ఇక ఈయన, ఇంటికి నలుగురు వస్తే చాలు, మా ఆవిడ ఖాళీ డిస్కు పట్టుకుని ఉద్యోగానికెళ్ళిన ఘనురాలండీ, అని మొదలుపెట్టేవాడు, రేపు వేదిక మీద కూడా చెబుతాడు, తమ్ముడి గొప్ప చెప్పే ముందు జనాన్ని నవ్వించడానికి ఏదో ఒకటి ఉండాలి.

వచ్చింది, చూశావా, కొత్తదానిలా, అంటున్నాడు, తెర మీద మరిది అప్పట్లో కొన్న ఆట, రంగురంగుల చుక్కలు, ఆయన ముఖం వెలిగిపోతోంది, గోళ్ళరంగు ఉందా ఇంట్లో, హెడ్డును నడిపే మోటారు మరల మీద చెరొక చుక్క వేస్తే ఇంక జన్మలో కదలదు, మనవరాలు వదిలివెళ్ళిన సీసా తేవడానికి గదిలోకి వెళ్ళి, సీసాతో తిరిగి వచ్చి, ఇవ్వకుండా నిలబడింది, ఫ్లాపీల పెట్టెలో మరిదివాటి వెనక తనది ఒక్కటి, డ్యూటీలు అని తన చేతిరాత, ఎందుకో చూడాలనిపించింది, ఒక్కసారి, ఆట తీసి అది పెట్టింది, గురగుర, ఎర్ర దీపం, ఎర్రర్, ఆసుపత్రిలో వచ్చిన ఎర్రరే, రాదులే, అన్నాడు ఆయన, స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ, ఎందుకు రాదు, అని ఆమె అంటే, హెడ్డు పక్కకు జరిగి ఉన్నప్పుడు రాసిందిగా అది, వంకర డ్రైవు రాసింది ఆ వంకర డ్రైవుకే తెలుస్తుంది, వేరే దేంట్లోనూ రాదు, ఇప్పుడు దీన్ని సరిచేశా కాబట్టి దీంట్లోనూ రాదు, ఆ మాత్రం తెలీదా నీకు.

తెలీదు, ఆ మాత్రం ఆమెకు తెలీదు, ఎప్పుడు జరిగిందండీ అది, అని అడిగింది, గొంతు మామూలుగానే వచ్చింది, వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది, తమ్ముడు కాలేజీ రెండో ఏడాదిలో ఉండగా వేసవి సెలవుల్లో, కొన్ని ఆటలు రావట్లేదని గోల పెడితే విప్పి చూశా, అప్పుడే సరిచేద్దును, కానీ వాడు నకలు తీసుకున్న ఆటలన్నీ ఆ వంకరతో రాసినవే, సరిచేస్తే అవన్నీ పోతాయన్నయ్యా అని ఒకటే ఏడుపు, సరేలే పాపం అని వదిలేశా, ఆ వేసవి, ఆమె మొదటి వరుస రాసిన వానాకాలానికి ముందటి వేసవి, అంటే ఆమె ఆ కీబోర్డు ముందు కూర్చున్న ప్రతి మధ్యాహ్నం ఇది తెలిసిన మనిషి ప్రతి సాయంత్రం చెప్పులు విడుస్తూ రాకెట్టు గురించి అడిగాడు, ఆసుపత్రికి బయల్దేరిన రోజున వీధి మలుపు దాకా స్కూటరు మీద దింపాడు, సంచిలో ఫ్లాపీ ఉందా అని కూడా అడిగాడు.

వెనక్కి తిప్పండి, అంది, ఏమిటి వెనక్కి, ఆ మోటారును మునుపు ఉన్నచోటికి తిప్పండి, మతి పోయిందా, రేపు పొద్దున వ్యాను వస్తుంది, రెండు రోజులు తంటాలు పడి, అని ఆయన అంటుండగానే, మళ్ళీ సరిచేసుకోండి, రాత్రంతా ఉంది, ముందు తిప్పండి, ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత ఆమె చేతిలోని సీసావైపు చూశాడు, ఈ వయసులో ఇదేం పంతమోయ్, అని గొణుగుతూ మరలు వదులు చేసి మోటారును వెంట్రుకవాసి జరిపాడు, ఎర్రర్, ఇంకొంచెం, ఎర్రర్, టార్చి ఇటు, ఈసారి ఆమె ఎటని అనుకోలేదు, ఇంకొంచెం, దీపం మిణుకుమిణుకుమనడం మాని నిలకడగా వెలిగింది, వరుసలు ఒకదాని కింద ఒకటి దిగాయి, మొదటి వరుసలో అక్క పేరు, రాత్రి, మర్నాడు సెలవు, తర్వాత మూడు పగళ్ళు, ఆమె వేలితో తెర మీద ఒక్కో వరుసా సరిచూసింది, ఎక్కడా తప్పు లేదు, ఎవరికీ అన్యాయం లేదు, ఎవరికని ఫోను చేసి చెప్పాలి.

భలే ఉందే, అన్నాడు ఆయన, కళ్ళజోడు పైకి జరుపుకుని, నిజంగా మెచ్చుకుంటూ, ఇంత బాగా పనిచేస్తోందిగా, మరి ఆ రోజు ఇది వదిలేసి ఖాళీ డిస్కెందుకు పట్టుకెళ్ళావు, అని నవ్వాడు, ఆమె ఆ ముఖాన్ని చూసింది, అంత దగ్గరగా చూసి చాలా కాలమైంది, అందులో కపటం వెదికింది, దొరికితే ద్వేషించడానికి చోటు ఉండేది, దొరకలేదు, వంకర డ్రైవని చెప్పిన మాటకూ ఖాళీ డిస్కని అడిగిన మాటకూ మధ్య ఉన్నది ఆయనకు కనిపించడం లేదు, ఇప్పటికీ కనిపించడం లేదు, ఇన్నాళ్ళూ ఆమె నుంచి ఆయన ఏదీ దాచలేదు, దాచాలంటే ముందు ఆమె గుర్తుకు రావాలి.