ఉత్త గిన్నె ఇవ్వలేక

దివిసీమ ఉప్పెన వచ్చిన మూడో ఏడు. నాగాయలంక తాపీ మేస్త్రి ఏసుపాదం అప్పుడు అమెరికాలో ఉన్నాడు. ఉప్పెనలో కూలిన ఇళ్ళు మళ్ళీ కట్టేటప్పుడు అతని పని చూసిన మిషను వాళ్ళు ఒక ఏడాది సేవకు రమ్మన్నారు. నార్త్ కరోలినాలో మోరిస్‌విల్ పక్కన, దిక్కులేని ముసలివాళ్ళ ఇళ్ళు బాగుచేసే జట్టులో వేశారు. కూలి లేదు, తిండి పెట్టి, చర్చి వెనకాల గది ఇచ్చారు. మూడో తరగతితో చదువు సరి, ఇంగ్లీషు రాదు. తెలుగైనా అడిగితేనే అతని నోట ఊడిపడేది.

అదే జట్టులో వడ్రంగి వాల్టర్, అతని భార్య ఎడ్నా. ఆ చలికాలం ఏసుపాదం జ్వరంతో మంచం పట్టినప్పుడు ఆ ఇల్లాలు రోజూ ఏదో ఒకటి వండి, మూతపెట్టిన గిన్నెలో తెచ్చి ఇచ్చింది. కోడి సూపు, బంగాళదుంపల ముద్ద, పేరు తెలియని తీపి. ఆ తిండితోనే అతను లేచి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ దంపతుల సేవ గడువు తీరింది. తెల్లారితే ఒహాయో వెళ్ళిపోతున్నారు. ఎడ్నా సామాను సర్దుతూ అలమారలన్నీ వెతుకుతోందని దెబోరా చెప్పింది. దెబోరా బాపట్ల పిల్ల, దగ్గర్లో హాస్పిటల్లో నర్సు. సెలవు రోజుల్లో జట్టుకు వచ్చి ఏసుపాదానికి మాటసాయం చేసేది.

"వాళ్ళమ్మ ఇచ్చిన నీలం గిన్నె కూడా కనిపించట్లేదంట బాబాయ్. పాపం, ఎవర్ని అడుగుద్ది?"

ఏసుపాదం వంగి మంచం కింద దుప్పటి తొలగించాడు. గిన్నెలన్నీ అక్కడే ఉన్నాయి, తళతళా తోమి, ఒకదాంట్లో ఒకటి పేర్చి.

"నీకేమన్నా మతుందా బాబాయ్? ఇన్నాళ్ళూ రిటర్న్ చెయ్యకుండా దాచావా? దొంగ అనుకుంటారు!"

"ఉత్త గిన్నె ఎట్టా ఇచ్చేదమ్మాయ్?"

దెబోరా నెత్తి కొట్టుకుంది. పొరుగింటి గిన్నె ఉత్తదిగా తిప్పి పంపకూడదని ఆమెకూ ఇంట్లో నేర్పారు. "అయితే గుప్పెడు పంచదార పోసి ఇచ్చెయ్యి, అయిపోద్ది."

"జ్వరంలో అన్నం పెట్టిన చేతికి గుప్పెడు పంచదారా?"

దొంగ అంటారని కాదు అతని బెంగ. మేలు మరిచినవాడనుకుని ఆవిడ వెళ్ళిపోతుందేమోనని. తర్వాత ఒహాయో దాకా వెళ్ళి, మరవలేదని చెప్పుకోవడం తన వల్ల అయ్యేది కాదు.

"మరేం చేస్తావ్? నీకు వంటొచ్చా?"

"చేపల పులుసు."

"ఇంకా?"

"చేపల పులుసు."

దెబోరా కారు తీసింది. బజారులో క్యాట్‌ఫిష్‌ని చూసి "మన జెల్లేగా" అన్నాడు. చింతపండు, కారం ఆమె ఇంటి నుంచి వచ్చాయి. చర్చి వంటగదిలో మధ్యాహ్నమంతా పులుసు కాగింది. పాస్టరు గారు తలుపు తీసి, తుమ్మి, మళ్ళీ వేసి వెళ్ళిపోయారు.

సాయంత్రం వీడ్కోలు భోజనం. అక్కడి పద్ధతి ప్రకారం ఎవరి వంటకం వాళ్ళు తెచ్చి బల్లమీద పెట్టారు. ఏసుపాదం ఒక్కొక్క గిన్నే మోసుకొచ్చి ఎడ్నా ముందర పెట్టడం మొదలెట్టాడు. ఎన్ని తెచ్చినా అన్నిట్లోనూ ఎర్రటి పులుసే. చోటు చాలక వాల్టర్ కేకును ఒళ్ళో పెట్టుకున్నాడు. నీలం గిన్నె రాగానే ఎడ్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దెబోరా సంగతంతా ఇంగ్లీషులో విప్పి చెప్పింది.

"నేనే పగలగొట్టానని ఇన్ని రోజులుగా నన్ను సాధిస్తోందయ్యా!" అన్నాడు వాల్టర్.

ఎడ్నా వినిపించుకోలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళు నిండాయి. మంచినీళ్ళు తాగి, మళ్ళీ వడ్డించుకుంది.

"కారానికా, ఏడుపుకా?" అన్నాడు వాల్టర్.

"నోరుమూసుకుని తిను" అంది. తర్వాత దెబోరా వైపు తిరిగి, "ఇలా ఇచ్చినప్పుడు మీవాళ్ళు ఏమంటారో అడుగు, నేనూ అంటాను" అంది.

"ఏమీ అనక్కర్లేదని చెప్పమ్మాయ్" అన్నాడు ఏసుపాదం. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే నోరు విప్పాడు. "అమ్మగారూ, మీ చేతి తిండి తిని బతికాను. మా ఇంటిది జ్ఞానమ్మ ఇక్కడుంటే మీ కాళ్ళకి దణ్ణం పెట్టేది."

దెబోరా దాన్ని ఇంగ్లీషులోకి మార్చేలోగా ఎడ్నా లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. సిమెంటుకు పగిలిన చేతులు. వెనక్కి తీసుకోలేదతను.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచి, వాల్టర్ కారు మీద పేరుకున్న మంచును ఏసుపాదం అరచేత్తో రుద్ది, తువ్వాలుతో అద్దాలన్నీ తుడిచాడు. ముందుది, పక్కవి, వెనకది కూడా.