పేరమ్మ తలుపు

నేను ఒక నవలలో మొదటి సగాన్ని. అట్ట నాదే, పేరు నాదే, ముందుమాట కూడా నాదే. కథ ఎలా ముగిసిందో మాత్రం చాలాకాలం నాకు తెలియదు.

పుట్టినప్పుడు నిండుగానే ఉన్నాను. హనుమకొండలో ఎం.ఏ. తెలుగు చదివే ఎస్తేరు, భాగ్య నన్ను పాత పుస్తకాల కొట్టులో కొన్నారు. ఇద్దరూ కలిసి నా మీద సెమినార్ ఇవ్వాలి. గడువు దగ్గర పడింది, ఉన్నది ఒక్క ప్రతి. హాస్టల్ గదిలో భాగ్య బ్లేడు తీసి నన్ను నడిమికి కోసేసింది. "సదివినంక మార్చుకుందాం తియ్" అంది. సాహిత్యం మీద మనుషులకున్న ప్రేమ అలాంటిది మరి!

నేను ఎస్తేరు వాటాకు వచ్చాను. నాలో పేరమ్మ అనే పెద్దకోడలు ఉంది. ఇంటి తాళాలన్నీ ఆమె దగ్గరే. నోరు తెరిస్తే ఆజ్ఞలే. నా చివరి పేజీలో, ఇల్లు విడిచి వెళ్లిన తోడికోడలు చంటిబిడ్డతో వానలో తిరిగొచ్చి వాకిట్లో నిలబడుతుంది. చివరి పంక్తి, "పేరమ్మ తలుపు". సరిగ్గా అక్కడ పడింది బ్లేడు. ఎస్తేరుకు ఒళ్లు మండిపోయింది. "మొకం మీదనే తలుపేసి ఉంటది, రాక్షసి!" అంది.

ఒకరోజు సినిమా, ఒకరోజు తలనొప్పి. సగాలు మార్చుకోవడం మాత్రం కాలేదు.

సెమినార్‌లో ఎస్తేరు లేచి, పేరమ్మ భాష నిండా అధికారమేననీ, నవల చెప్పేది పెత్తనం గురించేననీ తేల్చింది. భాగ్య లేచి, పేరమ్మ మాటల్లో ఉన్న లాలన మరెక్కడా లేదనీ, నవల వస్తువు తల్లితనమేననీ చెప్పింది. నరహరి సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఇంతకూ మీరిద్దరు చదివింది ఒక్క పుస్తకమేనా అమ్మా?"

క్లాసంతా గొల్లుమంది.

గదికి రాగానే ఎస్తేరు అందుకుంది. "అందరి ముంగట నన్ను బద్నాం చేసినవ్."

"నేనా? తలుపు తీసినామెను పట్టుకొని రాక్షసంటవా?"

"ఏడ తీసింది?"

భాగ్య తన సగాన్ని విసిరికొట్టింది. దాని మొదటి మాట, "తీసింది".

రెండేళ్లుగా ఒకే కంచంలో తిన్నవాళ్లు ఎడమొహం పెడమొహమైపోయారు. వీళ్లు విడిపోతే నా రెండో సగం నాకిక దొరకదని నేను బెంగపడ్డాను.

ఆదివారం ఎస్తేరు ఆ రెండో సగాన్ని తీసుకుంది. కాసేపటికి భాగ్య నన్ను తెరిచింది. సాయంత్రానికి భాగ్యే ముందు మాట్లాడింది. "గింత కటువుగ ఉండెనా మా పేరమ్మ?"

"మా పేరమ్మ గింత మంచిగైతదని నాకేం ఎరుక?" అంటూ ఎస్తేరు కళ్లు తుడుచుకుంది.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. మనిషి మారింది ఆ తలుపు దగ్గరే. దానిమీద ఇద్దరూ కలిసి మళ్లీ మాట్లాడారు. ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు.

చదువైపోయాక భాగ్య నన్ను బైండింగ్‌కిద్దామంది. ఎస్తేరు ఒప్పుకోలేదు. "వద్దే. కుట్టిస్తే ఒక్కరి దగ్గర్నే ఉంటది."

ఇప్పుడు నేను జనగామలో భాగ్య ఇంట్లో ఉన్నాను, నా రెండో సగం ఎస్తేరు దగ్గరుంది. నన్ను చివరిదాకా చదివిన ప్రతివాళ్లూ తర్వాతేమైందని అడుగుతారు. భాగ్య చెప్పదు, ఎస్తేరుకు ఫోన్ కలుపుతుంది. అసలు కథ ఇట్టే అయిపోతుంది. చదివినవాళ్లు లేచి వెళ్లిపోతారు. వీళ్లిద్దరి ముచ్చట మాత్రం అన్నం చల్లారేదాకా సాగుతుంది. నేను భాగ్య ఒళ్లో హాయిగా తెరుచుకుని ఉంటాను.