టేకు పలకలకు తలంటు

సీతారావమ్మకు కొడుకు ఒక్కడే గాని, ముద్దు మాత్రం రెండింటి మీద. రెండోది పడకగది. ఆ గదికి గోడలూ కప్పూ అంతా టేకు పలకలే. భర్త చెంచురామయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ అడవి అంచున పొలం కొన్న కొత్తలో, కలప డిపోలో వేలం పాడి తెచ్చి, దగ్గరుండి కొట్టించిన పలకలు. ఆయన పోయాక కూడా ఏటేటా ఆమె వాటికి ఇప్పనూనె రుద్దుతూనే ఉంది. మా ఇంట్లో బొట్టు పెట్టుకోవడానికి అద్దమెందుకు, గోడ చాలు అని చుట్టాల దగ్గర గొప్పలు పోయేది కూడా.

కోడలు హైమ మాత్రం ఆ గదిలో పడుకునేది కాదు. నేలకొండపల్లి దగ్గర వాళ్ళ పుట్టింటి తాటాకిల్లు ఆమె చిన్నప్పుడు ఓ ఎండాకాలం కాలిపోయింది. లోపల నిద్రపోతున్న తమ్ముణ్ణి ఎవరూ బయటికి తేలేకపోయారు. అప్పటినుంచి నెత్తిన చెక్క కనబడితే ఆమెకు ఊపిరాడదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి వసారాలోనే పక్క. ఇక చేసేదేముంది, మొగుడు వెంకటరామారావు కూడా తన మంచం వసారాలోకి ఈడ్చుకున్నాడు. ఊరు ముసిముసిగా నవ్వుకుంది. సీతారావమ్మ మొదట్లో మూతి ముడుచుకున్నా, కోడలు నిద్రలో ఉలికిపడి లేవడం ఒకసారి చూశాక మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఇంట్లోకి చంటివాడు వచ్చాడు. వానలు దిగితే వసారాలోకి జల్లు కొడుతుంది, దోమలు ముసురుతాయి. ఈ అడవి పక్కన దోమంటే చలిజ్వరమే.

"ఆ చెక్కల కింద వీణ్ణి పడుకోబెట్టలేను అత్తయ్యా. తొలకరి పడేలోపల మళ్ళీ మా ఊరు పోతా," అంది హైమ, ఐదోనెల బిడ్డతో పుట్టింటి నుంచి వచ్చిన రోజునే. కోపంగా అనలేదు. కోపంగా అంటే సర్దిచెప్పొచ్చు.

వెంకటరామారావు విజయవాడ వెళ్ళి ఓ రంగు పట్టుకొచ్చాడు. అక్కడ సినిమాహాలు చెక్క కప్పుకు వేస్తుంటే చూశాడట. మంట తగిలితే ఆ రంగు పొంగి, చెక్కను కప్పేసి కాపాడుతుందట. వేయడానికి యోనా మేస్త్రీ వచ్చాడు. భద్రాచలం వైపు చర్చిలకూ గెస్టుహౌసులకూ రంగులేసిన మనిషి.

"పాత నూనంత గీకాలె. చెక్క పొడిగుండాలె. గది మొత్తం తెల్లగయితది అమ్మా, మీ మెరుపు పోతది. ముందే చెప్తున్న," అన్నాడు.

"పోతే పోనీ," అంది సీతారావమ్మ. అనేసి పెరట్లోకి పోయి, కరివేపాకు కోసే మిషతో చాలాసేపు అక్కడే ఉండిపోయింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక్క రెబ్బ కూడా లేదు.

గీకడం, సోడానీళ్ళతో కడగడం, ఆరబెట్టడం అయ్యేసరికి గది జ్వరంపడి లేచిన పిల్లలా పాలిపోయింది. యోనా అన్నానికి వెళ్ళినప్పుడు సీతారావమ్మ లోపలికొచ్చి చూసుకుంది. మనసు ఆగలేదు. రేపు వీటికి కొత్తరంగు. తలకు నూనె పెట్టకుండా ఎవరికైనా కొత్తబట్ట కడతారా? తన చేతుల మీదుగా పాలేరుకు పంచె ఇచ్చినా, ముందు మాడున చుక్క నూనె పెట్టాకే ఇచ్చింది. మేస్త్రీ పొడిగుండాలన్నది నీటి తడి గురించేనని ఆమె లెక్క. స్టూలెక్కి, ఉయ్యాల కట్టే చోట కప్పు పలకలకు గిన్నెడు ఇప్పనూనె మర్దనా చేసి, పాతగుడ్డతో తుడిచి దిగింది. ముచ్చట తీరిందని తృప్తిపడింది కూడా. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గాని, తొక్కేటప్పుడు అది అడుసని తెలిస్తే గదా.

రంగు పడింది. ఉయ్యాల పైన కొంచెం జారుతున్నదేందని యోనా గొణుక్కుని, చెమ్మేమోననుకుని ఇంకో పూత వేశాడు.

అంతా ఆరాక, హైమకు నమ్మకం కలగాలని వెంకటరామారావు పరీక్ష పెట్టించాడు. గదితోపాటే రంగేసిన పలక ముక్క ఒకటి యోనా పెరట్లో ఇటుకలకు ఆనించి, కింద కిరసనాయిలు గుడ్డ వెలిగించాడు. హైమ బిడ్డను చంకనేసుకుని దూరంగా నిలబడింది. రంగు నల్లబడి పూరీలా పొంగింది. గుడ్డ ఎంత మండినా పలక అంటుకోలేదు.

"చూశావా, ఇంక కాలదు," అన్నాడు వెంకటరామారావు.

"కాలదని నేనంటలేను సారూ," అన్నాడు యోనా. "పెద్ద మంటయితే కాలుద్ది. గాని లేటుగ కాలుద్ది. గంతల పిల్లగాణ్ణి ఎత్తుకొని బయటపడొచ్చు. గంతే దీని పని."

వెంకటరామారావు అతణ్ణి కొరకొరా చూశాడు. హైమ మాత్రం మొదటిసారి దగ్గరికి వచ్చింది.

"నిజంగా ఆ మాత్రం ఆగుద్దా?"

"అవ్ అమ్మా, ఆగుద్ది."

"మాకు ఆ మాత్రమే దొరకలేదు," అంది హైమ. "మా నాయన గుమ్మం దాకా పోయిండు."

ఏం కాదు, ఏం కాదు అని ఇన్నేళ్ళూ అందరూ చెప్పిన మాట ఆమె నమ్మలేదు. కాలుతుంది గాని ఆలస్యంగా అన్న మాట నమ్మింది. "ఇవాళ వీణ్ణి లోపలే పడుకోబెడతా," అంది.

సీతారావమ్మ సంతోషించాల్సిన ఘడియ అది. ఆమె మాత్రం యోనా వైపు తిరిగింది.

"యోనా, రంగు కింద కాస్త నూనె ఉంటే?"

"నూనుంటే ఏడ పట్టుద్దమ్మా? సెగ తగలంగనే పొక్కు లేసి ఊడిపడుద్ది. ఆ నూనె ఇంకింత మంట పెడ్తది."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది సీతారావమ్మ. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది లేదు. చెబితే, గోడల మీది మమకారంతో అత్త కావాలనే చెడగొట్టిందనుకుని కోడలు బిడ్డతో వెళ్ళిపోతుంది, ఇక ఏ రంగునూ నమ్మదు. కానీ ఆ పలకల కింద ఊగబోయే ఉయ్యాల కూడా ఆమె కళ్ళముందు కనబడుతోంది.

"నేను రాశాను," అంది. "ఉయ్యాల పైన. నూనె పెట్టకుండా కొత్తబట్ట కట్టకూడదని. బాబు పడుకునే చోటని ఇంకాస్త ఎక్కువే రాశాను."

"అమ్మా," అని వెంకటరామారావు తల పట్టుకున్నాడు.

హైమ అత్తగారి మొహంలోకే చూస్తోంది. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు గదా అత్తయ్యా."

"తెలిసేది కాదు. కాని వాడు పడుకునేది దాని కిందే గదమ్మా."

హైమ వచ్చి బిడ్డను ఆమె చేతుల్లో పెట్టింది. కొంగు బొడ్లో దోపుకుంది. "యోనా, ఆ పైన రంగు గీకెయ్. నేను కుంకుడుకాయలు కొడతా. అత్త నూనె పెట్టాక తల రుద్దాల్సింది కోడలే గదా," అంది.

యోనా గీకి దిగాక ఆమె స్టూలెక్కింది. కప్పు నెత్తికి తగిలేంత దగ్గర. ఆమె చేతులు వణకడం గుమ్మంలో నిలబడిన సీతారావమ్మకు కనబడుతూనే ఉంది. నువ్వు దిగమ్మా, నేను రుద్దుతా అనబోయి, బిడ్డను గట్టిగా పొదువుకుని ఊరుకుంది. కుంకుడు నురగ హైమ మోచేతుల దాకా కారింది. రెండు పలకలు అయ్యేసరికి వణుకు తగ్గింది.

"వాణ్ణెత్తుకుని అక్కడే ఉండండి అత్తయ్యా," అంది వెనక్కి తిరగకుండా. "మీరున్నారనే లోపలికొచ్చా."