బ్యాగుల దగ్గర మనిషి

"నువ్వు బ్యాగుల దగ్గర ఉండు" అన్నాడు తేజేశ్వర్, చొక్కా విప్పి భార్య ఒళ్లోకి విసిరేస్తూ.

నమ్రత ఒళ్లో ముందు చొక్కా పడింది. దాని మీద కళ్లజోడు, దాని మీద వాచీ. చివరికి నడుముకున్న నల్ల పౌచ్ విప్పి, ఒక్క క్షణం తటపటాయించి, అదీ పెట్టాడు.

"జాగ్రత్త. అందరి పాస్‌పోర్టులూ, గ్రీన్ కార్డులూ, లైసెన్సులూ, ఓడెక్కే కార్డులూ ఇందులోనే ఉన్నాయి. ఇది పోయిందంటే అందరం ఇక్కడే కొబ్బరి బోండాలు అమ్ముకోవాలి."

మామగారు చక్రపాణి ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుంటూ పగలబడి నవ్వాడు. పదకొండేళ్ల రియా చెప్పులు విప్పి, "అమ్మా, పట్టుకో" అని చేతిలో పెట్టేసి నీళ్లలోకి పరుగెత్తింది.

శాన్ హువాన్. ఫ్లోరిడా నుంచి బయల్దేరాక ఓడ ఆగిన మొదటి రేవు. పొద్దున దిగి సాయంత్రం చీకటి పడేలోగా మళ్లీ ఎక్కెయ్యాలి. ఎదురుగా పచ్చలు కరిగించి పోసినట్టున్న సముద్రం. నమ్రత గొడుగు కింద, నాలుగు బ్యాగుల మధ్య ఐదో బ్యాగులా కూర్చుంది.

నయాగరా వెళ్లినప్పుడు అందరూ నీలం రెయిన్‌కోట్లు వేసుకుని పడవెక్కితే, ఆమె టికెట్ కౌంటర్ పక్కన స్ట్రోలర్ పట్టుకుని నిలబడింది. ఎల్లోస్టోన్‌లో నేల చీల్చుకుని వేడినీళ్లు పైకి లేచిన క్షణాన ఆమె అత్తగారి స్వెటర్ కోసం కార్ దగ్గరికి పరుగెత్తుతోంది. తిరిగొచ్చాక తేజేశ్వర్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టే ఫొటోలు చూసి ఎవరో ఒకరు అడిగేవారు, 'ఈ ట్రిప్‌కి నమ్రత రాలేదా?' అని. ఫొటో తీసింది ఎవరని మాత్రం ఎవరూ అడగరు. ఈ ఓడ మాత్రం వేరుగా ఉంటుందనుకుంది. తిండి వాళ్లే పెడతారు, పక్కలు వాళ్లే వేస్తారు. కానీ అత్తమామలకి ఓడ తిండి పడదు. వాళ్ల కోసం తెచ్చిన బుల్లి రైస్‌కుక్కర్‌ని ఎక్కేటప్పుడే సెక్యూరిటీ వాళ్లు తీసేసుకున్నారు. 'ఆ మాత్రం చీరల మధ్య దాచడం చేతకాలేదా?' అంది అత్తగారు. అందుకని పూటపూటా బఫేలో అన్నం, పెరుగు మోసుకొచ్చి, గదిలో ఆవకాయ వేసి కలిపి పెడుతోంది. సెలవంటే అదే చాకిరీ, ఇంకాస్త ఇరుకు గదిలో.

పక్క కుర్చీలో అత్తగారు చాముండేశ్వరి స్టీలు డబ్బా మూత తీసింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఉప్పు చాల్లేదు."

"ఓడవాళ్ల అన్నం అత్తయ్యా, చప్పగా ఉంటుంది."

"పోన్లే, ఇంకెన్నాళ్లు? ఇంటికెళ్లాక తీరుబడిగా వండుదువుగాని. ఉద్యోగానికి నీళ్లొదిలేశావుగా, మంచి పని చేశావు. ఇల్లు ఇల్లులా ఉంటుంది."

నమ్రత తల తిప్పింది. "ఏ ఉద్యోగానికి?"

"నీకెన్నున్నాయేంటి? తేజా చెప్పాడు, ఓడెక్కే ముందే మెయిల్ పెట్టేశావటగా, మానేస్తున్నానని." కోడలి మొహం చూసి ముద్ద మింగి, చేయి కడుక్కుంది. "నాకెందుకమ్మా మీ మొగుడూ పెళ్లాల గొడవ! మీ మామయ్య పిలుస్తున్నారు." పిలుపేమీ వినపడలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గబగబా నీళ్ల వైపు వెళ్లిపోయింది.

గొడుగు కింద ఎండ పడడం లేదు. అయినా నమ్రతకి వీపు కాలింది.

సియాటిల్ పక్కన బాతెల్‌లో ఆమె పనిచేసే బయోటెక్ కంపెనీ పోయిన నెలే ఆమెని ల్యాబ్ హెడ్ చేస్తామంది. ఆ కబురు భోజనాల దగ్గర చెబితే మామగారు, 'ల్యాబ్‌కి నువ్వు హెడ్డయితే ఇంటికి హెడ్డెవరమ్మా?' అన్నాడు. తేజేశ్వర్ నవ్వలేదు. 'అమ్మా నాన్నా ఇక మనతోనే ఉంటారు. నాన్న మోకాళ్ల ఆపరేషన్ ఉంది. కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించు. నా వీసా మీద వచ్చినదానివి, నాతో పోటీ ఏంటి?' అన్నాడు. గ్రీన్ కార్డ్ వచ్చి ఏడాదయినా ఆ వీసా మాట మాత్రం ఎక్స్‌పైర్ అవలేదు. ఆమె మౌనంగా పప్పు వడ్డించింది. ఆ మౌనాన్ని అతను సంతకం అనుకున్నాడన్నమాట.

ఫోన్ తీసింది. ఓడెక్కేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించాడు. 'ఇక్కడి నుంచి అంతా ఫారిన్. ఆన్ చేశావంటే రోమింగ్ బాదేస్తారు. నీ పాస్‌పోర్ట్ నా దగ్గరే ఉంటుంది, నువ్వు పారేస్తావు. నా పక్కనుంచి కదలకు.' ఆన్ చేసింది. సొంత ఇంట్లో ఉన్నట్టే నెట్‌వర్క్ నిండుగా వచ్చేసింది. వెంటనే ఫోన్ మోగింది.

అదితి. అమెరికాలో పుట్టిన తెలుగమ్మాయి, వయసులో నమ్రత కన్నా చిన్నది, ఉద్యోగంలో పైది.

"నమ్రతా! ఫైనల్లీ! మీకు ఎన్ని కాల్స్ చేసాను! ఎందుకు రిజైన్ చేసారు? ఫ్యామిలీ రీజన్స్ అంటే, ఏం రీజన్స్?"

"నేను చెయ్యలేదు."

"మెయిల్ మీ నుంచి వచ్చింది."

"నా ఫోన్ నుంచి వచ్చింది. రాసింది నేను కాదు."

"దెన్ ఎవరు?"

నీళ్లలో తేజేశ్వర్ తండ్రి మీద నీళ్లు చల్లుతూ కేరింతలు కొడుతున్నాడు. రెండే ముక్కలు. గొంతులోంచి పైకి రావడానికి వాటికి పన్నెండేళ్ల కాపురం అడ్డొచ్చింది. "మా ఆయన."

అదితి గొంతు మారింది. "ఓకే. వినండి. రేపు మార్నింగ్ నైన్‌కి మీటింగ్ ఉంది. ఆ పొజిషన్ ఫణికి ఇచ్చేస్తున్నారు."

"ఫణికి పని నేర్పింది నేను."

"ఐ నో! కానీ ఇప్పుడు ఇంకో మెయిల్ వద్దు. అది ఎవరు రాసారు అంటారు. కాల్ కూడా వద్దు. వేరే మనిషి కంపెనీ మెయిల్ వాడాడు అంటే, అది సీరియస్. మీరు వచ్చి, వాళ్ల ముందు కూర్చుని చెప్పాలి. ఎక్కడున్నారు?"

"శాన్ హువాన్‌లో. ఓడ సాయంత్రం బయల్దేరుతుంది..."

"పోర్టో రికో? నమ్రతా, అది యూఎస్ కదా! సియాటిల్‌కి డొమెస్టిక్ ఫ్లైట్. లైసెన్స్ ఉంటే చాలు. జస్ట్ కమ్."

ఫోన్ పెట్టేశాక నమ్రత తలెత్తి చూసింది. రోడ్డు పక్కన నీలం రంగు పోస్ట్ డబ్బా. బాతెల్‌లో వాళ్ల వీధి మొగలో ఉన్నదానిలాంటిదే. పొద్దున టాక్సీలో వస్తూ చూసింది. చూసి కూడా మొగుడి మాటే నమ్మింది.

పౌచ్ జిప్ లాగింది. తన పేరు, తన మొహం ఉన్న ప్లాస్టిక్ ముక్క కోసం మొగుడి సంచీలో దొంగలా వెతకాల్సి వచ్చింది. అందరి పాస్‌పోర్టుల అడుగున దొరికింది. తన పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, లైసెన్స్, ఓడ కార్డు తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. ఫోన్ పాస్‌కోడ్ మార్చింది. పాతది అతని పుట్టినరోజు. 'మనిద్దరి మధ్య దాపరికాలేంటి' అని అతనే పెట్టాడు, తన ఫోన్ పాస్‌కోడ్ మాత్రం చెప్పలేదు. ఫ్లైట్ వెతికింది. మధ్యాహ్నం ఒకటుంది, మయామీలో మారాలి. బుక్ చేసే ముందు వేలు గాల్లో ఆగిపోయింది.

రియా?

పిలిచినట్టే రియా పరుగెత్తుకొచ్చింది, దోసిలినిండా తడి గవ్వలతో. "అమ్మా, పట్టుకో." తల్లి చెయ్యి చాపకపోయేసరికి వింతగా చూసింది. "ఆర్ యూ క్రయింగ్?"

"లేదు. రియా, నాన్న నా ఫోన్‌లో ఏమైనా టైప్ చేయడం చూశావా?"

పిల్ల కళ్లు ఇసుకలోకి దిగాయి. "ఫ్లోరిడా హోటల్‌లో. నువ్వు షవర్‌లో ఉన్నావ్. ఇట్స్ ఎ సర్‌ప్రైజ్, అమ్మకి చెప్పకు అన్నాడు."

తన ఉద్యోగం తీసేసినందుకు వచ్చిన కోపం వేరు, ఇది వేరు. ఇంట్లో ఒక ఆడదాన్ని ఎలా మోసం చెయ్యాలో పదకొండేళ్ల ఆడపిల్లకి పాఠం చెప్పాడు. సాక్షిగా నిలబెట్టి మరీ. ఇప్పుడు తను నోరు మూసుకుని ఓడెక్కితే ఆ పాఠం పూర్తవుతుంది. నమ్రత వేలు కిందికి దిగింది. టికెట్ బుక్ అయింది.

"నేను ఇవాళే ఇంటికి వెళ్తున్నా, రియా. నువ్వు నాన్నతో, నానమ్మా వాళ్లతో ఓడలో రా. నువ్వు వచ్చేసరికి ఎయిర్‌పోర్ట్‌లో నీ కోసం నిలబడి ఉంటా. ప్రామిస్. నీకు భయమేస్తే చెప్పు."

రియా ఆలోచించింది. "నో. బట్... నా స్టఫ్ అంతా ఎవరు పట్టుకుంటారు?"

"నీకు రెండు చేతులున్నాయి కదే."

రియా తన దోసిలి చూసుకుంది. ఆ గవ్వల్ని తన టవల్‌లో తనే మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

నమ్రత లేచింది. హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని, నల్ల పౌచ్ చేత పట్టుకుని, చుడీదార్‌తోనే నీళ్లలోకి నడిచింది. ఇన్ని ట్రిప్పుల్లో ఆమె కాళ్లు తడవడం ఇదే మొదలు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఇంత దగ్గర కూర్చుని కూడా ఆ సంగతి ఆమెకి తెలియలేదు.

నడుంలోతులో ఉన్న తేజేశ్వర్ చూసి అరిచాడు. "ఏయ్! బ్యాగులొదిలేసి వచ్చావేంటి? బుద్ధుందా?"

ఆమె పౌచ్ బెల్టు అతని మెడలో దండలా వేసి, వెనక్కి తిరిగింది. అంతలో అల వచ్చింది. "పాస్‌పోర్టులే! తడుస్తాయే!" అతను దాన్ని లాగి రెండు చేతులతో నెత్తి మీదకి ఎత్తి పట్టుకున్నాడు.

"తడవకుండా చూసుకోండి. బ్యాగులు కూడా."

"ఎక్కడికే? ఈ ఫారిన్‌లో పాస్‌పోర్టు లేకుండా ఎక్కడికి పోతావు?"

"ఇది అమెరికానే. మీకు తెలియదా, నాకు చెప్పలేదా?"

ఇంకో అల గుండెలదాకా లేచింది. అతని చేతులు ఇంకా పైకి లేచాయి.

"సాయంత్రం మాకు అన్నం ఎవరు కలుపుతారే?" అత్తగారు కేకేసింది.

"మీ అబ్బాయి చేతులు ఖాళీ అయ్యాక అడగండి అత్తయ్యా."

"నమ్రతా!" తేజేశ్వర్ గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "చెప్పు, ఎక్కడికి?"

పోలీసులకి దొరికినవాడిలా చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డ మొగుణ్ణి ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఎప్పటిలా ఫొటో తియ్యడానికి ఫోన్ తీయలేదు.

"ఆఫీస్‌కి" అంది. "నా రాజీనామా ఎవరు రాశారో చెప్పడానికి."