పిడి విరిగిన టబ్బు

మందుల షాపులో పనిచేసే కోడలు, డాక్టరు రాసిన చీటీని సైతం రెండుసార్లు చదివితే గాని మాత్ర చేతికివ్వదు. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున ఫోన్లో చదివిన చిట్కాని గుడ్డిగా నమ్మేసి, స్నానాలగదిలో పీట వేసుకు కూర్చుంది.

ముందున్న టబ్బులో ఉన్ని దుప్పటి. చనిపోయిన వాళ్లమ్మ చేత్తో అల్లింది. తను పుట్టినప్పుడు అందులోనే చుట్టారు. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. తన బిడ్డని కూడా అందులోనే ఇంటికి తెచ్చుకోవాలని బీరువాలోంచి తీసింది. మొగుడు మహానుభావుడు నిన్న దానిమీద టీ ఒలకబోసి, తుడుస్తున్నాననుకుని మరకని అరచేతి మేర పులిమి పెట్టాడు.

"పోసెయ్యనా?" అంది అత్తగారు, పొగలు కక్కే గిన్నెని గుడ్డతో పట్టుకుని.

"ఒక్క నిమిషం అత్తయ్యా. వెనిగర్ ఎంతో చూస్తా. ఒకడు చెంచా అంటాడు, ఒకడు కప్పంటాడు."

"అంటే నీళ్ల సంగతి ఖాయమేగా?"

"అందరూ మరిగే నీళ్లేనన్నారు. ఇంతమంది అబద్ధం చెప్తారా?"

అంటూనే ఫోన్లో పేజీలు తిప్పింది. ఎవరి చిట్కా వాళ్లదే గాని, ఫొటో మాత్రం అన్నిట్లోనూ ఒకటే. నీలం టబ్బు. విరిగిన పిడికి ఎర్ర కరెంటు తీగ చుట్టి ఉంది. వేళ్లతో పెద్దది చేసి చూసింది. తల దించి, తన కాళ్ల దగ్గరి టబ్బు చూసింది. అదే తీగ. అదే ముడి.

"అత్తయ్యా, ఆగండి! పొయ్యకండి!"

అత్తగారు ఉలిక్కిపడి గిన్నె గట్టుమీద పెట్టేసింది.

కోడలు ఆ ఫొటో అన్నిటికన్నా ముందు ఎక్కడ వచ్చిందో వెతుక్కుంటూ పోయింది. ఏళ్ల కిందటి ప్రశ్నల పేజీలో దొరికింది. పెట్టినాయన పేరు 'టిక్‌టిక్ మాస్టారు'. "ఉన్ని స్వెటర్ మీద టీ మరక. మరిగే నీళ్లలో వెనిగర్ వేసి నానబెట్టాను. పోతుందంటారా?" అని అడిగాడాయన. కింద ఎవరో "మంచి చిట్కా, ధన్యవాదాలు" అన్నారు. ఇంకొకరు దాన్ని ఎత్తుకెళ్లి తమ పేజీలో పెట్టుకున్నారు. చివరికి ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు.

"మామయ్యా!"

గడియారాలు బాగుచేసే మామగారు కంటికి భూతద్దం అలాగే ఉంచుకుని వచ్చాడు. ఫోను చూడగానే భూతద్దం జారి అరచేతిలో పడింది.

"నేను అడిగానంతేనమ్మా. వాళ్లే మెచ్చుకున్నారు. కాదంటే బాగుండదని ఊరుకున్నా."

"ఇంతకీ మరక పోయిందా?"

"మరక పోయింది." గొంతు సవరించుకున్నాడు. "స్వెటరూ పోయింది."

"ఏ స్వెటర్?" అత్తగారి చేతులు నడుం మీదికెళ్లాయి. "లాండ్రీ అతను మార్చేశాడన్నారే, నా మెరూన్ స్వెటరా?"

మామగారు వెళ్లి, పనిముట్ల పెట్టెలోంచి ఓ గోడగడియారం తెచ్చాడు. దాని చుట్టూ, కుంచించుకుపోయి అట్టముక్కలా బిగిసిన మెరూన్ రంగు గుడ్డ. "లోపలికి నలుసు కూడా దూరదు," అన్నాడు మెల్లగా, తన తరఫున చెప్పుకోవడానికి అదొక్కటే ఉన్నట్టు.

"ఆ లాండ్రీ అతనితో ఇన్నేళ్లూ మాట మాట్లాడలేదండీ! ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని!" అంది అత్తగారు. అంటూనే నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుంది.

కోడలు ఊలు అమ్మే షాపావిడకి ఫోన్ చేసింది. చన్నీళ్లు, కాస్త షాంపూ, రుద్దకుండా అద్దడమే అని చెప్పిందావిడ. చెప్పాక తనే, "నేనన్నానని మొత్తం ముంచెయ్యకండి. ముందు ఓ మూల తడిపి చూడండి," అంది. కోడలు ఓ మూల జానతో కొలిచి తడిపింది. ఆరేదాకా ఆగి, మళ్లీ కొలిచింది. అంతే ఉంది. అప్పుడు మరక మీదికెళ్లింది.

మామగారు తన పాత ప్రశ్న కింద గడియారం ఫొటో పెట్టి, "ఇదీ ఫలితం. ఎవరూ చెయ్యకండి," అని రాశాడు.

"దీన్ని కూడా అందరూ ఎత్తుకెళ్తారంటావా?"

"గడియారానికి తొడుగు కుట్టుకునే చిట్కా అని ఎత్తుకెళ్తారు మామయ్యా."

మర్నాడు మధ్యాహ్నానికి దుప్పటి ఆరింది. వెలుగులో పెడితే లేత తేనెరంగు జాడ ఒకటి మిగిలింది. ఉంటే ఉందిలే అనుకుంది కోడలు. కాళ్లు చాపుకుని దాన్ని పొట్టమీద పరుచుకుంది. ఎప్పట్లాగే మెత్తగా, ఎప్పటంత వెడల్పుగా ఉంది. లోపలినుంచి చిన్న తన్ను తగిలి, ఓ అల్లిక ముడి కాస్త లేచి పడింది.

వీధి తలుపు దగ్గర అత్తగారు రెండు చీరలు చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికత్తయ్యా?"

"లాండ్రీకి. ఏం మొహం పెట్టుకుని వెళ్లాలో మీ మామయ్యనడుగు. ఆయన్నీ తీసుకెళ్తున్నా."