సొంత డబ్బుతో లాగిన వైరు

అంట్లు తోముతుంటే ఫోను మోగింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తాను. నెట్టు రావడం లేదట. "డబ్బా ఆపి, కాసేపాగి మళ్ళీ వెయ్యండి బాబూ, పచ్చలైటు వత్తాది," అన్నాను. మా ఆయన సత్యరాజు అనకాపల్లిలో కేబుల్ టీవీతోపాటు నెట్టు కూడా ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఫిర్యాదులన్నీ నా వంటింటికే వస్తున్నాయి. వైర్లు లాగేవాళ్ళకు అన్నం వండేదీ నేనే. దీన్ని ఉద్యోగమని ఎవరూ అనరు.

ఉద్యోగమంటే మా తోటికోడలు రోజలిన్‌ది. ప్రభుత్వ టెలిఫోన్ ఆఫీసులో బ్రాడ్‌బ్యాండ్ కౌంటరు. సాయంత్రం మెడలో కార్డుతో అది గుమ్మం ఎక్కితే చాలు, "పాపం, డ్యూటీ సేసొచ్చింది. పుష్పా, టీ ఎట్టు," అంటుంది మా అత్తగారు. నాకు ఒళ్ళు మండుతుంది. కుళ్ళే, దాచుకోవడం దేనికి? ఆ కార్డు మీద దాని ఫొటో, దాని పేరు. కాలు మీద కాలేసుకుని అది టీ తాగుతుంటే దాన్నే గుడ్లప్పగించి చూస్తుంటాను.

మా ఆయనకు మరదలిని ఆటపట్టించడం సరదా. "సర్కారు డబ్బుతో ఏసిన లైను, పాడైతే సూసే నాథుడుండడు. మాది సొంత డబ్బు. ఎవడి దగ్గరా సెయ్యి సాపలేదు."

"మీరు లాభమున్న వీధికే లాగుతారు బావగారూ. రోలుగుంట లాంటి పల్లెలకి మేమే ఎల్లాలి," అని రోజలిన్ నవ్వుతుంది.

నేను కప్పులు తీసుకుని లోపలికి పోతాను. ఆ సొంత డబ్బేమిటో నాకు తెలుసు. డ్వాక్రా సంఘంలో నేను తీసుకున్న పావలా వడ్డీ అప్పు. మిగతా వడ్డీ సర్కారే కడుతుంది. కుట్టుమిషన్లు కొనుక్కుందామనుకున్నాను. "నువ్వేరు, నేనేరా ఏటి?" అని మా ఆయన పట్టుకుపోయాడు.

నెట్టు వ్యాపారం నిలదొక్కుకుందని ఆదివారం మేడమీద కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టాడు. మా డ్వాక్రా ఆడవాళ్ళూ వచ్చారు. ఈరోజైనా నలుగురిలో నా అప్పు సంగతి చెబుతాడని ఆశపడ్డాను. పాస్టరుగారు మోడెం మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. కంప్యూటరు ఆన్ చెయ్యడానికి రోజలిన్‌ను పిలిచారు, చదువుకున్న పిల్ల అని. మా ఆయన దేవుడు తనకు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతూ దేవుడికి, పాస్టరుగారికి, మరదలికి, వైర్లు లాగినవాళ్ళకు వందనాలు చెప్పాడు. చివర్న, "మా ఆవిడ బిర్యానీ బాగా సేసింది," అన్నాడు. అందరూ నవ్వారు. రోజలిన్ కూడా.

"ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు పాస్టరుగారు. మా కూడికల్లో ఆ మాటకు లేచిన మనిషిని ఎవరూ మధ్యలో ఆపరు. లేచాను.

"ఈ నెట్టుకి ఎట్టిన డబ్బు డ్వాక్రా అప్పండి. సర్కారు దయ. నా పేరున ఉంది. నేను కట్టకపోతే ఈ కూకున్న అక్కలందరి మీదా పడతాది."

మా ఆయన తల దించుకున్నాడు. రోజలిన్ నావైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, రోజూ టీ తాగుతున్న దాన్ని నేను చూసే చూపే.

"అప్పు తీరేదాకా ఈ నెట్టు నాది. రేపట్నుంచి కనెక్షన్ల డబ్బులు నా సేతికే ఇవ్వండి. దేవునికి స్తోత్రం."

డ్వాక్రా ఆడవాళ్ళందరూ ఒక్కసారే ఆమేన్ అన్నారు.